జేబు మాస్టారు

మాకు కథల పాఠాలు చెప్పిన మాస్టారికి ఒకటే పిచ్చి. మనిషి కనిపిస్తే చాలు, అతని జేబులో ఏముందో తెలియాలి. అది దొంగబుద్ధి కాదు, పాఠం చెప్పే పద్ధతి. "పాత్ర అంటే ముక్కూ మొహమూ కాదర్రా, జేబు!" అనేవారు. ఆయన అసలు పేరు హాజరుపట్టీకి తెలుసేమో గానీ, మాకు మాత్రం ఆయన జేబు మాస్టారే.

కథలో రాజు వస్తే రాజు జేబు, దయ్యం వస్తే దయ్యం జేబు. "దయ్యానికి జేబెక్కడిది సార్?" అంటే, "బతికున్నప్పటి చొక్కా ఏమైందిరా?" అని కసిరేవారు.

తనిఖీకి వచ్చిన పెద్దాయన్నీ వదల్లేదు. ఆయన క్రమశిక్షణ గురించి దంచుతుంటే, "అయ్యా, మీ పాత్ర పిల్లలకు అందట్లేదు. కాస్త జేబు చూపిస్తారా?" అన్నారు మాస్టారు. పెద్దాయన జేబులోంచి దువ్వెన వచ్చింది. ఆయనది నున్నటి బట్టతల. మేం నవ్వాపుకోలేక చచ్చాం, హెడ్మాస్టరు తల పట్టుకున్నారు.

మరి మాస్టారి జేబులో? సుద్దముక్కలు, గుండీలు, దారపుండలు, లేనిది లేదు. "ఉతికేముందు ఈయన కోటు ఖాళీ చెయ్యడానికే నా ఆదివారం సరిపోతుంది" అని ఆయన భార్య వాపోయేది.

మా దేశంలో అంతర్యుద్ధం ఆగిన మరుసటి ఏడు మాకొక పాఠం వచ్చింది. అదీ అంతర్యుద్ధం కథే. శత్రుపక్షం సిపాయి ఒకడు తెగిన గుండీ కుట్టించుకోడానికి దర్జీ కొట్టుకు వస్తాడు. దర్జీ కొడుకు ఆ పక్షం తుపాకులకే బలయ్యాడు. అయినా దర్జీ గుండీ కుట్టి పంపుతాడు. "పుండు మీద కారమెందుకు? ఆ పాఠం దాటెయ్యండి" అన్నారు హెడ్మాస్టరు.

కారణం లేకపోలేదు. మా క్లాసులోకి అప్పుడే ఏటి అవతలి నుంచి ఒకమ్మాయి వచ్చి చేరింది. వాళ్ల నాన్న అవతలి పక్షాన పోరాడినవాడు. ఆ పిల్ల బెంచీ మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. ఇక బడికి పోనని ఇంట్లో ఏడుస్తోందని వాళ్లమ్మ వచ్చి మాస్టారితో చెప్పుకుంది.

మాస్టారు పాఠం దాటలేదు. "సిపాయి జేబులో ఏముంది?" అన్నారు.

"కత్తి!" "తూటాలు!" "మనవాళ్ల దగ్గర దోచిన ఉంగరాలు!" అని అరిచాం. ఆ అమ్మాయి తల దించుకుంది.

"సరే. రేపు ఒక్కొక్కరూ మీ నాన్న జేబులోంచి ఒక వస్తువు తేవాలి. నాన్న లేనివాళ్లు తాత జేబులోది తెండి. అడిగి తేవాలర్రా, కొట్టేసి కాదు!"

మర్నాడు అన్నీ రహస్యంగా తన కోటు జేబులోకే వేయించుకుని, బల్లమీద కుమ్మరించారు. "ఏది ఎవరి నాన్నదో చెప్పండి."

తుప్పుపట్టిన పెద్ద మేకు చూడగానే, "ఇదే ఆ కొత్త పిల్ల నాన్నది!" అని గుసగుసలు లేచాయి. అది మా నాన్నది. ఆయన వడ్రంగి.

అగ్గిపెట్టె తెరిస్తే దూది, దూదిలో ఒక పాలపన్ను. "ఇది రొట్టెల బట్టీ ఆయనదే సార్! కూతురంటే ఆయనకు ప్రాణం" అన్నాం. "మా నాన్న ఇచ్చింది బిస్కట్టు" అంది ఆయన కూతురు.

వెనక బెంచీ నుంచి సన్నగా వినిపించింది. "అది మా నాన్నది. యుద్ధానికి వెళ్తూ నా పన్ను పట్టుకెళ్లాడు. తిరిగొచ్చాక కూడా పారెయ్యనివ్వడు."

రొట్టెలాయన కూతురు కళ్లు పెద్దవి చేసింది. "పన్నా? మా నాన్న యుద్ధానికి నా రిబ్బను పట్టుకెళ్లాడే!" అంటూ పుస్తకాలు తీసుకుని వెనక బెంచీకి వెళ్లి కూర్చుంది. పన్ను గొప్పా రిబ్బను గొప్పా అని ఇద్దరూ వాదించుకుంటుంటే, మాస్టారు మళ్లీ అడిగారు. "ఇప్పుడు చెప్పండి, సిపాయి జేబులో ఏముంది?"

ఒక్కడూ కత్తి అనలేదు.

చాలా ఏళ్లకు ఆ పాలపన్ను అమ్మాయినే నేను పెళ్లి చేసుకున్నాను. పెళ్లికి మాస్టారు కర్ర పొడుచుకుంటూ వచ్చి, అందరి ముందూ, "పెళ్లికొడుకు పాత్ర అందట్లేదు. జేబు చూపించరా!" అన్నారు.

నేను అగ్గిపెట్టె తీశాను. పొద్దున్నే మామగారు నా చేతిలో పెట్టి, "ఇక నువ్వు మొయ్యి బాబూ" అన్నారు.

మాస్టారు తెరిచి చూసి, కళ్లు తుడుచుకుని, భద్రంగా మూసి, అలవాటు కొద్దీ తన కోటు జేబులో వేసుకుని ఇంటికి వెళ్లిపోయారు. దాన్ని వెతికి తీయడానికి ఆయన భార్యకు ఆ ఆదివారం చాల్లేదు.