నొక్కుడు పరీక్ష

రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉన్న రోజుల్లో నా ఛాతీ మీద నాకు తప్ప అందరికీ హక్కు ఉండేది. అక్కడి రైల్వే వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో నేను గుమాస్తాని. బరువులెత్తే పని కాదు, కాగితాలెత్తే పని. అయినా ఒక పొద్దున నీళ్ల బకెట్ ఎత్తబోతే ఎడమవైపు రొమ్ములో కలుక్కుమంది, ఊపిరి అందలేదు. మా ఆవిడ నన్ను రిక్షాలో పడేసి ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారి పొడుగునా రిక్షా అతన్ని తొందరపెడుతూనే ఉంది. పెళ్లికి ముందు శ్రీకాకుళంలో వాళ్ల నాన్న అన్నం తింటూ గుండెల్లో నొప్పంటే, గ్యాసేలే అని వాము నీళ్లిచ్చింది ఈవిడే. గ్లాసు ఖాళీ అయ్యేలోగా ఆయన పోయాడు. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది.

డాక్టరు ఈసీజీ తీయించి, గుండె భేషుగ్గా ఉందన్నాడు. పక్కటెముకలు రొమ్ముటెముకకు అతుక్కునే చోట వాపట. ప్రాణభయం లేదట, కానీ వస్తూ పోతూ ఉంటుందట. మళ్లీ వస్తే గుండె కాదని ఎలా తెలుస్తుందని మా ఆవిడ అడిగింది. ఆయన బొటనవేలితో అక్కడే నొక్కాడు. నేను కేక పెట్టాను.

"దేఖా? దబానేసే దర్ద్ హై, తో అక్సర్ హడ్డీ కా హై," అన్నాడు. నొక్కితే నొప్పెడితే మామూలుగా ఎముకదేనని. అనుమానం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నొప్పి శుభవార్త అయింది. తుమ్మితే నొప్పి, ఆవులిస్తే నొప్పి, నవ్వితే మరీ నొప్పి. నేను రొమ్ము పట్టుకోగానే ఆవిడ చేతిలో పని వదిలేసి వచ్చేది.

"ఏటండీ, ఇక్కడేనా?"

నొక్కేది. అరిచేవాణ్ణి. "అమ్మయ్య," అని మళ్లీ కూర కలుపుకోవడానికి పోయేది. మొగుడు మెలికలు తిరుగుతుంటే అమ్మయ్య అనుకునే ఇల్లాలు ఆ కాలనీ మొత్తానికి ఈవిడొక్కతే.

కాలనీ క్వార్టర్ల గోడలు పలచన. నా కేకలు విని పక్కింటి ఫిట్టరు వచ్చాడు. ఆయనదీ మా జిల్లాయే. "గట్టిగా నొక్కితేనే గదేటి తెలిసీది," అంటూ రోజంతా స్పానర్లు తిప్పిన వేలితో ఎముక వీపులోంచి బయటికి వచ్చేలా నొక్కాడు. ఎదురింటి ఛత్తీస్‌గఢీ ముసలమ్మ నొక్కి, నేను అరవగానే "బనే హే, బనే హే" అంది. బాగుంది బాగుంది అన్నమాట. ఆఫీసులో హెడ్‌క్లర్కు కూడా సెలవు చీటీ మీద సంతకం పెట్టేముందు నొక్కి చూశాడు.

ఒకరోజు ఒళ్లు మండి, "నా ఒళ్లేమైనా కాలింగ్ బెల్లా?" అని ఆవిడ మీద విరుచుకుపడ్డాను. ఆవిడ పోయి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోంది. చూసి చూసి నేనే వెళ్లి చొక్కా గుండీలు విప్పి ఎదురుగా కూర్చున్నాను. నొక్కింది. అరిచాను. లేచి పొయ్యి వెలిగించింది.

ఒక వానాకాలం ఆదివారం, ఆవిడ వీధి కుళాయి దగ్గర ఉండగా నొప్పి వచ్చింది. గుమ్మంలో రొమ్ము పట్టుకున్న నన్ను చూసి బిందె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. వచ్చేలోగా నొప్పి పోయింది. ఆ దిక్కుమాలినదానికి వేళాపాళా లేదు. ఆవిడ నొక్కింది. ఏమీ లేదు. కాస్త కిందికి నొక్కింది. అక్కడా లేదు.

"నొప్పి నేదా?" అంది. ఆ ముఖం చూడలేకపోయాను. ఇంకోసారి నొక్కడానికి వేలెత్తగానే గట్టిగా కేక పెట్టాను.

తొందరపడ్డాను. ఆవిడ వేలు ఇంకా జానెడు దూరంలో ఉంది.

వెంటనే రిక్షా ఎక్కించింది. నొప్పి తగ్గిపోయిందని చెప్పినకొద్దీ ఆవిడ భయం పెరిగింది.

"మా అయ్య కూడా తగ్గిపోనాదనే అన్నాడు," అంది.

ఈసీజీ ఎప్పటిలాగే బాగుంది. డాక్టరు నవ్వి ఇంటికి పొమ్మన్నాడు. ఆవిడ ఆ కాగితాన్నీ నమ్మలేదు, డాక్టర్నీ నమ్మలేదు, నన్నయితే అసలు నమ్మలేదు. తిరుగు రిక్షాలో బిగుసుకుని కూర్చుంది.

కాలనీ మలుపులో రిక్షా గుంతలో పడింది. రొమ్ములో కలుక్కుమంది. అమ్మా అన్నాను.

"నిజవేనా, నాటకమాడతన్నారా?"

ఆవిడ చెయ్యి తీసుకుని నొప్పి ఉన్నచోట పెట్టుకున్నాను. నొక్కింది. రిక్షా అతను బ్రేకు వేసి వెనక్కి తిరిగేలా అరిచాను.

అప్పుడు ఏడ్చింది ఆవిడ. నడిరోడ్డు మీద, వానలో, కొంగైనా అడ్డం పెట్టుకోకుండా భోరున ఏడ్చింది. ఊపిరి తీస్తే నాకు ప్రాణం పోతోంది.

"ఇంకోసారి నొక్కు," అన్నాను.