అడిగినవాళ్ళకు సగం

తిరుపతిలో ఎవరి చేతైనా ఒక అప్లికేషన్ నింపించాలంటే ముందు ఒక ప్రశ్నకు సిద్ధపడి వెళ్ళాలి. “నీకెంత వస్తాదప్పా?” నేను క్రెడిట్ కార్డులు ఇప్పించడం మొదలుపెట్టిన మూడో రోజే ఆ ప్రశ్న ఎదురైంది. అడిగింది మా కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు నడిపే మనిషి. వడ్డీ ఎంత, ఏడాదికి ఫీజు ఎంత, కట్టకపోతే ఏమవుతుంది, ఇవేమీ ఆయనకు పట్టలేదు. నా కమీషన్ ఎంతో చెప్పేదాకా ఫోను చేతికివ్వలేదు. చెప్పాక, “మరి దాంట్లో నాకెంత?” అన్నాడు.

ఆయన్ని అనడానికేమీ లేదు. మా వైపు ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుంటే మొదటి కిస్తు ఏజెంటే కట్టాలి. ఎక్కడా రాసి ఉండదు, కానీ అందరికీ తెలుసు. కట్టని ఏజెంటును పెళ్ళి భోజనాల్లో కూడా పక్కన కూర్చోబెట్టుకోరు. మా నాయన తన జీవితంలో తీసుకున్న ఒకే ఒక పాలసీ గురించి చెప్పేటప్పుడు, అది ఎంతకు తీసుకున్నాడో, ఎప్పుడు చేతికొస్తుందో చెప్పేవాడు కాదు. “ఏజెంటు చేత రెండు కిస్తులు కట్టించినా,” అనేవాడు. ఆ గర్వం చూసి పెరిగినవాణ్ణి కాబట్టి జిరాక్స్ షాపాయనకు మారు మాట్లాడకుండా సగం ఇచ్చేశాను.

నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో గుమాస్తాను. జీతం సంగతి చెప్పి మీ పొద్దు పాడుచేయను. పక్కన నాలుగు రూపాయలు వస్తాయని ఈ కార్డుల పని పెట్టుకున్నాను. పనంటే పెద్దదేం కాదు. ఫోనులో ఒక యాప్ ఉంటుంది. అందులో వరసగా కార్డులు, ఒక్కో కార్డు కింద నాకు వచ్చే మొత్తం. నేను పంపిన లింకు నొక్కి ఎవరైనా కార్డు తీసుకుంటే బ్యాంకు ఆ యాప్ వాళ్ళకు ఇంత అని ఇస్తుంది, వాళ్ళు తమ కోత కోసుకుని మిగిలింది నాకిస్తారు. కార్డు తీసుకున్న మనిషికి కూడా కొత్తగా చేరినందుకు బ్యాంకు ఏదో ఒక కానుక ఇస్తుంది. కొన్నిటికి పాయింట్లు, కొన్నిటికి షాపింగ్ కూపన్లు, ఒకటి రెండింటికి చక్రాల బ్యాగు.

ఏడాది తిరిగేసరికి నాకొక సంగతి అర్థమైంది. కొత్త మనిషిని తెచ్చుకోవడానికి బ్యాంకు ఇంత అని పక్కన పెట్టుకుంటుంది కాబోలు. తెచ్చినవాడి చేతిలో ఎక్కువ పోస్తే వచ్చినవాడికి మిగిలేది తక్కువ. నా యాప్‌లో పైన తళతళా మెరిసే కార్డులన్నీ తీసుకునేవాళ్ళకు అంతంతమాత్రం. అట్టడుగున పడి ఉన్నవి తీసుకునేవాళ్ళకు మేలైనవి. ఎవరి లింకూ లేకుండా నేరుగా బ్యాంకు సైటులోకి పోతే కొన్నిటికి కానుక ఇంకాస్త పెద్దది. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. అందరూ నాకెంత వస్తుందని అడిగారే తప్ప, నేను మధ్యలో లేకపోతే తమకెంత వస్తుందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

నాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. అడిగినవాళ్ళకు సగం. అడగనివాళ్ళకు ఏమీ లేదు. ఇది ధర్మంగానే ఉందని చాలాకాలం అనుకున్నాను. అడగనివాళ్ళు ఎవరంటే నన్ను నమ్మినవాళ్ళు. ఇప్పుడు రాస్తుంటే ఇది బుర్రకెక్కుతోంది గానీ, అప్పట్లో వాళ్ళు ఉత్త మొహమాటస్తులని తీసిపారేసేవాణ్ణి.

మా అక్క చంద్రగిరిలో ఉంటుంది, అక్కడికి దగ్గర్లోనే ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెబుతుంది. బావ ఆర్టీసీలో డ్రైవరు. కొండ మీదికి బస్సు నడిపి నడిపి, ఆ మలుపుల్లో స్టీరింగ్ తిప్పి తిప్పి నడుం పోగొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది. ఉన్న డబ్బంతా దానికే పోయింది. డాక్టరు ఒక్క వరసన రెండు గంటలకు మించి కూర్చోవద్దన్నాడు. పడుకున్నా కుదుపు పనికిరాదన్నాడు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు విశాఖపట్నంలో లా చదివి పూర్తిచేసింది. పట్టాలిచ్చే సభకు అమ్మానాన్నలను రమ్మని కాలేజీవాళ్ళు ఉత్తరం పంపారు. రైల్లో అయితే రాత్రంతా ప్రయాణం. బావ ఆ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకున్నాడు.

అక్క ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. కూర్చోకముందే మొదలుపెట్టింది.

“రేయ్, ఏదో కార్డు ఉండాదంట కదా, కొత్తగా తీసుకుంటే విమానం టికెట్లు వస్తాయంట. మా స్కూల్లో అనుకుంటా ఉండారు. రేణిగుంటలో ఎక్కితే గంటన్నరలో దిగిపోవచ్చు. మీ బావను ఎట్లయినా తీసకపోవల్ల.”

అలాంటి కార్డు ఉంది. దాని గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు తిరుపతిలో ఉండరు. ఏడాది ఫీజు కాస్త ఎక్కువే, కానీ చేరిన నెలలోపే ఇద్దరికి పోను రాను టికెట్లకు సరిపోయే పాయింట్లు వస్తాయి. నా యాప్‌లో అట్టడుగున ఉంది. దాని మీద నాకు వచ్చేది టీ ఖర్చులకు కూడా చాలదు. అదే బ్యాంకుది ఇంకొక కార్డు ఆ నెల పైన మెరుస్తోంది. కమీషన్ రెండింతలు చేశామని యాప్ వాళ్ళు పొద్దున్నే మెసేజీ పెట్టారు. ఆ కార్డు తీసుకునే మనిషికి షాపింగ్ కూపన్లు.

“ఆ టికెట్ల కార్డుకు అన్నీ షరతులే అక్కా. ఫీజు కూడా జాస్తి. ఇది తీసుకో, నీకిదే మేలు,” అన్నాను.

“నువ్వు ఏది చెప్తే అది,” అంది అక్క. నా ఎదురుగానే లింకు నొక్కింది. చదవకుండానే అన్నిటికీ సరేనంది. జిరాక్స్ షాపాయన అడిగిన ప్రశ్న అడుగుతుందేమోనని ఒక్క క్షణం చూశాను. అడగలేదు. అడిగి ఉంటే సగం ఇచ్చి ఉండేవాణ్ణి, బహుశా ఈ సంగతి ఇంతటితో మరిచిపోయి ఉండేవాణ్ణి కూడా.

పైగా స్కూలుకు వెళ్ళి స్టాఫ్ రూములో నా గురించి గొప్పగా చెప్పిందట. మా తమ్ముడు అన్నీ చూసి మంచిది ఏరి ఇస్తాడని. ఇద్దరు నా దగ్గరికి వచ్చారు. అందులో ఒకాయన లెక్కల సారు. ఆయన వచ్చీ రాగానే కమీషన్ ఎంతో కనుక్కుని, సగం అడిగి, పుచ్చుకుని మరీ వెళ్ళాడు.

మూడు వారాల తరువాత అక్క ఫోను చేసింది. కూపన్లు వచ్చాయి, వాటితో విమానం టికెట్లు వస్తాయా అని. రావన్నాను. ఆ మర్నాడు సాయంత్రం స్కూలు నుంచి నేరుగా మా ఆఫీసుకు వచ్చింది. ఫోను నా ముందు పెట్టి, “దీనర్థం ఏందో సెప్పు,” అంది. తనంతట తానే టికెట్ల కార్డుకు పెట్టుకుందట. బ్యాంకు నుంచి వచ్చిన జవాబు అది. కార్డు ఇస్తారు. చేరినందుకు ఇచ్చే పాయింట్లు మాత్రం ఆ బ్యాంకు కార్డు ఇదివరకు లేనివాళ్ళకే.

“అంటే మొదటి కార్డు అదే అయ్యుంటే వచ్చేటివా?”

“వచ్చేవి.”

“ఇప్పుడింక రావా?”

“రావక్కా.”

అక్క నా ముఖంలోకి చూసింది. పిల్లలు కాపీ కొట్టినప్పుడు పట్టుకున్న టీచరు చూసే చూపు అది, కానీ ఎక్కువసేపు చూడలేదు. “అట్లనా. పోనీలే,” అని ఫోను సంచీలో వేసుకుంది. ఆమెకు అర్థమైందో లేదో నాకు ఆ రోజు తెలియలేదు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు కూడా.

టికెట్లు నేనే కొని ఇవ్వచ్చు. ఆ నెల వచ్చిన కమీషన్లన్నీ కలిపితే సరిపోయేవి. రెండుసార్లు ఫోనులో టికెట్లు వెతికి, పేర్లు కూడా కొట్టి, ఆపేశాను. నువ్వెందుకు కొన్నావురా అని అడిగితే ఏమని చెప్పాలి? ఏదో ఒక అబద్ధం దొరికేదే. ఆ మాత్రం కూడా వెతకలేదు. పిరికివాణ్ణి, ఇంకేం లేదు.

అక్క ఒక్కతే రైల్లో వెళ్ళింది. సభ జరుగుతున్నంతసేపూ ఫోను ఎత్తి పట్టుకుని వీడియోలో బావకు చూపించిందట. మధ్యలో సిగ్నల్ పోయి, కూతురు వేదిక ఎక్కినప్పుడు బొమ్మ ఆగిపోయిందట. ఇది మేనకోడలు తరువాత చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఆ తరువాతి వారం లెక్కల సారు మా ఆఫీసులోకి దూసుకొచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“ఏమప్పా, ఇది న్యాయమా? నాకు సగమిచ్చి సేతులు దులుపుకుంటివి. మీ అక్కకు మొత్తం ఇచ్చేసినావంటనే!”

“ఎవరు చెప్పారు సార్?”

“మీ అక్కే సెప్పింది. నేను స్టాఫ్ రూములో అంటి, అడిగినోళ్ళకు సగం ఇస్తాడబ్బా, అడక్కపోతే గమ్మునుంటాడని. మేడం, మరి మీకెంత ఇచ్చినాడని అందరూ అడిగిరి. నాకు మొత్తం ఇచ్చేసినాడు సార్, వద్దన్నా ఇనకుండా సేతిలో పెట్టి పోయినాడు, సొంత అక్క తావ తీసుకుంటాడా అనింది. అక్క అక్కే అనుకో. కానీ ఆమె సెప్పబట్టే కదా మేమిద్దరం నీ తావకు వచ్చినాము? మాకు కొంచెమన్నా జాస్తి ఇయ్యొద్దా?”

తల కొట్టేసినట్టయింది. ఆయనకు మిగతా సగం కూడా ఫోనులోనే పంపేశాను. డబ్బు పడిందని మోగాక ఆయన శాంతించి, మంచినీళ్ళు తాగి, మా కాలేజీలో అడ్మిషన్లు ఎట్లా ఉన్నాయో విచారించి వెళ్ళాడు. నేను గంట పర్మిషన్ పెట్టి చంద్రగిరి బస్సెక్కాను. దారిలో ఏటీఎం దగ్గర దిగి, అక్క కార్డు మీద నాకొచ్చినదంతా తీసి ఒక కవరులో పెట్టాను.

అక్క వాకిట్లోనే ఉంది. కవరు ఇస్తే తెరవకుండానే నా జేబులో తిరిగి పెట్టింది.

“ఇది నాకెందుకు? నేను అడగలే కదరా.”

“మరి స్కూల్లో అట్లా ఎందుకు చెప్పినావు?”

“ఏం సెప్పమంటావు? నా తమ్ముడు నాకు కూపన్లు ఇప్పించి దుడ్లు తీసుకున్నాడని సెప్పమంటావా, పది మందిలో?” గొంతు పెంచలేదు. “నీకు దుడ్లు కావల్లంటే అడిగుంటే ఇచ్చేదాన్ని. మీ బావను ఒక్కసారి విమానం ఎక్కించల్లనుకున్నా, అంతే. లోపలికి రా, కాఫీ తాగి పో.”

ఆ మాటకు తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. కాళ్ళు మాత్రం లోపలికే నడిచాయి.

లోపల బావ మంచం మీద పడుకునే ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దని పట్టుకున్నాను. మనిషి చిక్కాడు గానీ మాటలో హుషారు తగ్గలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“నువ్వు సూసి పెట్టిన కార్డు సంగతి మీ అక్క సెప్పింది బామ్మర్దీ. తీసుకోమని నువ్వు ఎన్ని తూర్లు సెప్పినా ఈమె బిన్నా తీసుకోలేదంట. రేపు, ఎల్లుండి అని సాగదీసిందంట. ఆఖరికి పోతే ఆ టికెట్లిచ్చేది ఆపేసినారంట. ఇంట్లో ఒకరికి సదువొచ్చి ఏం లాభం, సెప్పు?” అని, వంటింటి వైపు తిరిగి గొంతు పెంచాడు. “మీ తమ్ముడు సెప్పినప్పుడే తీసుకోనుంటే నేను గూడా నా బిడ్డను కండ్లారా సూసుందును గదా!”

అక్క రెండు గ్లాసులతో వచ్చి, ఒకటి బావకు, ఒకటి నాకు ఇచ్చింది. మా ఇద్దరి వైపూ చూడలేదు.

“నేననేది పొరపాటా? సెప్పు బామ్మర్దీ, తప్పు ఈమెది కాదా?” అన్నాడు బావ.

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నోరు తెరిచాను కూడా.

“అవును బావా,” అన్నాను.