మైనస్ తీసేసిన బోరు

ఆ రోజుల్లో, అంటే కర్నూలులో నా మొదటి ఉద్యోగం కొత్తలో, బైటంటే (కంప్యూటరు అంకెలు దాచుకునే చిన్న గది) నాకు లెక్కే లేదు. మా పిసినారి సారు (దుడ్ల విషయంలో కాదు పాపం, బైట్ల విషయంలోనే) "చిన్న అంకెకు అంత పెద్ద సంచి ఎందుకప్పా?" అని రోజూ నా ప్రాణం తీసేవాడు. మేం చేస్తున్నది బోరులో నీళ్లు ఎక్కడున్నాయో మోటారు స్టార్టరుకు చెప్పి, నీళ్లు తగ్గితే మోటారును ఆపించే డబ్బా. చేలల్లో సిగ్నలు అంతంతమాత్రం, కాబట్టి మెసేజ్‌కు ఎనిమిది బైట్లే గతి. నేల సున్నా, పైన ప్లస్సు, కింద మైనస్సు అని నేను శాస్త్రోక్తంగా రాశాను. ఆఫీసు టేబుల్ మీద బకెట్టు పెట్టి చూస్తే మూడడుగుల ఎత్తు, ఒకే ఒక్క బైటు! సారు భుజం తట్టాడు. నేను ఉబ్బిపోయి మొదటి డబ్బాను బేతంచెర్ల దగ్గర మా చిన్నాన్న చీనీ (బత్తాయి) తోటలోనే బిగించాను. ఆయనకున్నది ఆ ఒక్క బోరే.

మర్నాడు పొద్దున బోరులో నీళ్లు అడుగంటాయి, మోటారు మాత్రం ఆగలేదు. అది ఉత్తినే అరుస్తుంటే చిన్నమ్మ చేతిలో గరిటెతోనే పరిగెత్తి ఫ్యూజు పీకేసింది. "సదువుకున్నోడివని నమ్మితి గదరా! మోటారు కాలిపోతే ఈ చెట్లు యాడ బతుకుతాయి?" అన్నాడు చిన్నాన్న.

గట్టు మీద కూర్చుని చూస్తే తేలింది. బకెట్టులా కాదు, బోరులో నీళ్లు నేల కిందే, అంటే ఎప్పుడూ మైనస్సే; మా పద్ధతిలో మైనస్ అంకె ఎంత చిన్నదైనా పది బైట్లు మింగుతుంది. ఎనిమిదిలో పట్టక ఒక్క మెసేజ్ కూడా పోలేదు. అదే చిన్నాన్నకు చెప్పాను. "మైనస్ ఎందుకురా? మన సీమలో నీళ్లు ఎప్పుడన్నా భూమి పైకొచ్చినాయా? లోతెంతో చెప్తే సాలదా?" అన్నాడు. సారు ఫోనులో విని, "మీ చిన్నాన్ననే ఉద్యోగంలోకి తీసుకుందామప్పా" అని పకపకా నవ్వాడు. మైనస్ పీకేశాను. లోతు రెండు బైట్లలో ఒదిగింది, మోటారు బుద్ధిగా ఆగింది, చెట్లు బతికాయి.

కొన్నేళ్లకు వానలు శానా కురిశాయి. ఒకరోజు చిన్నాన్న ఫోను. "ఒరేయ్, నీ డబ్బాకు పిచ్చి పట్టినట్టుండాది! నీళ్లు నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల అడుగుల లోతులో ఉండాయంటాండాది!"

"నువ్వు యాడుండావు చిన్నాన్నా?"

"బోరు కాడనే. పైపు మీదనుంచి పొర్లిపోతాండాయిరా నీళ్లు!" వెనక చిన్నమ్మ నవ్వు వినిపించింది.

నేలకు అడుగు పైన నీళ్లు, అంటే లోతు మైనస్ ఒకటి! మైనస్ ఎరగని నా ప్రోగ్రాం సున్నాకు కిందికి పోలేక, తనకు తెలిసిన అతి పెద్ద అంకెకు దూకి వాటిని పాతాళానికి తోసేసింది (అంత పెద్ద అంకె అయిదు బైట్లలో దర్జాగా పట్టింది కూడా). సాయంత్రానికి సరిచేస్తానన్నాను.

"వద్దులేరా. ఆ అంకె కనపడినన్ని దినాలు నీళ్లు పైన ఉన్నట్టే గదా. నీళ్లు దిగిపోయేదాకా అట్లనే ఉండనీ," అన్నాడు చిన్నాన్న.

సారు తిట్టినా వారం రోజులు దాన్ని ముట్టుకోలేదు. నా ఉద్యోగంలో నేను కావాలని ఉంచుకున్న తప్పు అదొక్కటే.