మంచుకొండ మీద అడ్డపొగ

ఒక్క సుట్టముక్క నన్ను హెలికాప్టర్ ఎక్కించినాది బావా. నవ్వకండర్రా, నిజం. మిలిట్రీలో సేసొచ్చినోడివి, ఓ యుద్ధం కత సెప్పు అని ఈ టీకొట్టు కాడ రోజూ నన్ను పీక్కు తింటారు గదా. నా దగ్గర యుద్ధం నేదు. ఉన్నదల్లా ఈ సుట్ట కతే. ఇన్నాక మా ఆవిడ దగ్గర మాత్రం నోరు జారకండి, మీకు దండం పెడతాను.

అప్పుడు నన్ను లడాఖ్ అవతల మంచులో ఏసినారు. సిన్న పోస్టు. సెట్టు నేదు, పిట్ట నేదు, ఎటు సూసినా తెలుపే. తిండి, కిరసనాయిలు, ఉత్తరాలు, అన్నీ హెలికాప్టర్‌లోనే రావాల. మనం కళింగపట్నం ఒడ్డున పుట్టినోల్లం, సలంటే దుప్పటి కప్పుకోడం వరకే తెలుసు. అక్కడ టూత్‌పేస్టు రాయైపోతాది. కోడిగుడ్డు గోడకేసి కొడితే గోడకే దెబ్బ.

నా భయం సలికి కాదు. మా ఆవిడ పార్వతికి నెలలు నిండతన్నాయి. తొలి కానుపు, రాజాంలో ఆల్ల పుట్టింట్లో ఉన్నాది. ఫోన్ దొరికినప్పుడల్లా ఒకటే మాట.

"నొప్పులొచ్చినప్పుడు నువ్వు గుమ్మం కాడ ఉండాల. నువ్వు నేకపోతే నాకు బయమేస్తాది."

ఒట్టేసినాను. లీవు కూడా శాంక్షనైపోనాది, వచ్చే వారం కిందకి దిగడమే. ఈలోపు ఏ తప్పూ సెయ్యకూడదు. మా పోస్టుకి పెద్ద సుబేదార్ సాబ్ ఉన్నాడే, మనిసి మంచోడే గానీ డ్యూటీలో తప్పు కనబడితే కిందకి రిపోర్టు పంపీసీవోడు. రిపోర్టెల్తే మొట్టమొదట పోయేది లీవే. అంతకు ముందే ఒకడు సెంట్రీలో కునుకు తీసినాడని ఆడి లీవు కట్టయిపోనాది. అది సూసిన కాన్నించీ నాకు ముద్ద దిగితే ఒట్టు. బూటు లేసు ఊడినా గుండె దడదడలాడీది.

మరి అంత బయమున్నోడు ఏటి సెయ్యాల? బుద్ధిగా ఉండాల. ఉంటే ఈ కతెందుకు?

మన ఒడ్డు ఊర్లలో అడ్డపొగ మీకు తెల్సిందే. మా అమ్మ, మా నాయనమ్మ, అందరూ సుట్ట ఎలిగించి, కాలే కొస నోట్లో ఎట్టుకొని, పెదాలు మూసీసి పనులు సేసుకుంటారు. నెత్తి మీద సేపల గంపున్నా, ఎంత గాలేసినా అది ఆరదు. నాకూ అదే అలవాటైపోనాది. సెంట్రీలో పొగ తాగకూడదు, నిప్పు దూరానికి కనబడతాది అని రూలు. నాకు పెద్ద తెలివొచ్చినాది. నిప్పు నోట్లో ఉంటే ఎవడికి కనబడతాది? పొగంటారా, ఆ సలికి అందరి ముక్కుల్లోంచీ పొగే. మా అమ్మ పార్సెల్లో పంపిన సుట్టల్ని సిన్న సిన్న ముక్కలు సేసి మేజోళ్లలో దాసీసినాను.

ఆ పొద్దు సెంట్రీ నాది. మంచు కమ్మీసి పది బారల అవతల ఏటీ కనబడతం నేదు. ఓ ముక్క ఎలిగించి, నిప్పు లోపలికి ఎట్టుకొని, మంకీ క్యాపు మూతి మీదకి లాగీసినాను. నోరంతా ఎచ్చగా, హాయిగా ఉన్నాది. పుట్టబోయే బిడ్డకి ఏ పేరు పెట్టాల అని ఆలోసిస్తన్నాను. ఎనకాతల బూట్ల సప్పుడు.

సెంట్రీ అన్నోడు ఎవరొచ్చినా 'థమ్, కౌన్ ఆతా హై' అని అరవాల. ఆగు, ఎవడ్రా వస్తన్నాడు అని. కన్నతండ్రొచ్చినా అరవాల్సిందే. తిరిగి సూద్దును గదా, సుబేదార్ సాబ్. అరుద్దామంటే నోట్లో నిప్పు. నోరు తెరిస్తే సుట్ట బయటపడతాది, సుట్ట బయటపడితే లీవు పోతాది. అరవకపోతే అదీ తప్పే. ముందు నుయ్యి ఎనక గొయ్యి. కంగారులో నా నాలిక సుట్టముక్కని మొత్తం లోపలికి లాగీసినాది. సుర్రుమన్నాది బావా. కళ్లంట నీల్లు బొటబొటా కారిపోతన్నాయి.

మంకీ క్యాపులో మొకం పోల్చుకోలేక, ఏటైనాది, నీ పేరేటి అని ఆయన హిందీలో అడుగుతన్నాడు. నాను గుటకేసీసినాను. సుట్ట, నిప్పు, నుసి, మొత్తం. అప్పుడు నోరు తెరిసి పేరు సెప్పబోతే, కాలిన నాలిక తిరగదు గదా, దూడ అరుపొకటి ఒచ్చినాది. రెండడుగులు తూలి, ఆయన బూట్ల మీదే వాంతి సేసీసినాను.

ఆయన మొకం పాలిపోనాది. ఎందుకంటే ఆ ఎత్తులో గాలి సాలక బుర్ర వాసిపోయీ జబ్బొకటుంటాది. మాట తడబడతాది, మనిసి తూలతాడు, వాంతులవుతాయి. బేగి కిందకి దించకపోతే పోతాడంతే. ఆ లచ్చనాలన్నీ నాను ఆయనకి ఒకేపాలి సూపించీసినాను. నన్ను బుజాన ఏసుకొని ఆ మంచులో పరిగెత్తినాడు. ఆ వయసులో, ఆ ఆయాసంలో. సిగ్గుతో సచ్చిపోనాను.

గుడారంలో మందులు సూసీ కుర్రోడు థామస్, కేరళావోడు, ఆక్సిజన్ మాస్కు పట్టుకొచ్చినాడు. నాకు పై ప్రాణాలు పైనే పోనాయి. నిప్పు దగ్గర ఆక్సిజన్ పెడితే బగ్గుమంటాదని ట్రైనింగులో సెప్పినారు. నా నిప్పు ఇంకా కడుపులో ఎలుగుతున్నాదేమో. పేలిపోతాను గావాల అని రెండు సేతులా తోసీసినాను. మనిసి తిరగబడతన్నాడు, ఇదీ ఆ జబ్బు లచ్చనమే అన్నాడు థామస్. నలుగురు నా కాల్లూ సేతులూ అదిమీసి మాస్కు పెట్టీసినారు. కళ్లు మూసుకొని పార్వతిని తలుసుకున్నాను. పేలనేదు.

పోనీ ఇప్పుడైనా నిజం సెప్పీదామని మాస్కు తీయబోనాను. అప్పటికే వైర్‌లెస్‌లో కబురెల్లిపోనాది, అంత మంచులోనూ నాకోసం హెలికాప్టర్ బయల్దేరిపోనాది. సుబేదార్ సాబ్ నా సెయ్యి పట్టుకొని, ఆ కరుకు మనిసి, కళ్లు తుడుసుకుంటా అన్నాడు.

"భయపడకు బేటా. నీ బిడ్డని నువ్వు సూస్తావు."

ఇంకే మొకం పెట్టుకొని సుట్ట అని సెప్తాను?

కింద ఆస్పత్రిలో పెద్ద డాక్టరు టార్చి ఏసి నా నోట్లోకి సూసినాడు. లోపలంతా బొబ్బలు. ఈ జబ్బులో బొబ్బలు రావడం తానెప్పుడూ సూడనేదని తెగ ఆశ్చర్యపోయి, మిగతా డాక్టర్లని పిలిసినాడు. ఆల్లు కుర్ర డాక్టర్లని తీసుకొచ్చినారు. తెల్లారితే సాలు, జాతరలో బొమ్మలాగ నాను నోరు తెరుసుకొని కూకోడమే. ఆపైన బుర్రకి పరీచ్చ. నీ పేరేటి, ఈ పొద్దు ఏ వారం, వందలోంచి ఏడేసి తీసుకుంటా పో. అక్కడ తేలిపోయీవోడిని. తీసివేతలు నాకు ఇస్కూల్లోనే రాలేదు, ఆస్పత్రి మంచం మీద ఎక్కడొస్తాయి? ఇంకా తేరుకోలేదు, ఉండనీ అనీసీవోరు. లీవు తారీకు ఎల్లిపోనాది. నోరు ఇప్పితే లీవేటి, ఉద్యోగం కూడా పోతాదేమో అని బయం. ఇప్పకపోతే పార్వతి ఒక్కర్తే ఉంటాది అని బయం. కిటికీకేసి సూస్తా గోల్లు కొరుక్కుంటా పడుకునీవోడిని.

ఓ పొద్దు ఫోనొచ్చినాది. మావ. ఆడపిల్ల పుట్టినాది అల్లుడూ, తల్లీ పిల్లా కులాసా అన్నాడు. ఆ ఎంటనే పార్వతి తీసుకున్నాది. దాని గొంతు పీలగా ఉన్నాది. ఓ తిట్టు తిట్టినా బాగున్ను.

"నీ మీద కోపం నేదు. పాపం, నాకంటే నీకే పెద్ద కష్టమొచ్చినాది. బుర్ర నొప్పి తగ్గినాదా?"

ఎనకాతల పిల్ల కేరుమన్నాది. అంతే బావా, నావల్ల కాలేదు. ఏడుపొచ్చీసినాది. కూతురు పుట్టినాదని సంతోషం, ఆ సుట్టముక్క తలుసుకుంటే నవ్వు. మంచం మీద కూకోని ఏడుస్తా నవ్వుతన్నాను, నవ్వుతా ఏడుస్తన్నాను. తలెత్తి సూస్తే రౌండ్సుకొచ్చిన పెద్ద డాక్టరు. ఎంతసేపయినాదో నిలబడి. నాకేసి మా జాలిగా సూసి, పక్కనున్న నర్సుతో మెల్లిగా అన్నాడు, "ఇతన్ని ఇంకో నెల ఉంచండి."