తుల్సా మీదుగా దుఖాన్‌కి

దుఖాన్‌కని కారెక్కి, అమెరికా అంతా తిరిగి, చివరికి దుఖాన్ ఒక్కటే చేరని మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇది చదవండి. ఆ ఘనుణ్ణి నేనే.

అప్పట్లో అరబ్బు దేశంలో ఓ సైటులో కంకర మోసేవాణ్ణి. లైసెన్సు చేతికొచ్చాక కంపెనీ మూడు రోజుల ట్రయల్ ఇచ్చింది. అల్ ఘర్రాఫాలో ఉండే అమెరికా ఇంజనీరుకి కారు నడపాలి. ఆయన సరేనంటే చల్లటి ఏసీ, కాదంటే మళ్ళీ ఎండలో కంకర. రెండు రోజులు గండం గడిచింది. మూడో రోజు తొమ్మిదింటికి ఆయనకి దుఖాన్‌లో మీటింగు. ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు, సముద్రం ఒడ్డున ఉంటుందని మాత్రం విన్నాను.

సాబ్ పుట్టింది అమెరికాలోని తుల్సా ఊళ్ళో అని చెబితే, నజ్మాలో మా గదికి పెద్దదిక్కయిన రాజన్న ఉపాయం చెప్పాడు.

"ఆళ్ళ ఊరి ముచ్చట తియ్ తమ్మీ. సొంతూరి పేరు ఇంటె ఎసొంటోడైనా మెత్తవడ్తడు."

వెతికితే తుల్సా మీదుగా పోయే అరవై ఆరో నంబరు రోడ్డు దొరికింది. ఇంకేం, పొద్దున్నే ఫోను స్టీరింగ్ పక్కన తగిలించాను. అందులో మ్యాపు ఉండాలి కదా? నేను రోడ్డు చరిత్ర పెట్టాను.

నాకొచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఆ రోడ్డుకి మొదట అరవై నంబరు అడిగారని, ఇంకో రాష్ట్రం అది మాకే కావాలని పట్టుబట్టిందని, తగవు తెగక అరవై ఆరుతో సరిపెట్టుకున్నారని చెప్పాను. సాబ్ కాగితాలు పక్కన పెట్టి "యల్లా, కానివ్వు, తర్వాత?" అన్నాడు. నాకు రెక్కలొచ్చాయి. చికాగో, సెయింట్ లూయిస్, తుల్సా, అమరిల్లో అంటూ ఎక్కాలు అప్పజెప్పినట్టు లాస్ ఏంజలస్ దగ్గర సముద్రం దాకా తీసుకెళ్ళాను. సరిగ్గా అప్పుడే మా కారు ముందు కూడా సముద్రం కనబడింది.

"దుఖాన్, సర్," అన్నాను గర్వంగా.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న బెంగాలీ ఆయన తలెత్తి, ఇది రువైస్ అని, దేశానికి ఉత్తరపు కొస అని, దుఖాన్ పడమట ఉందని హిందీలో చెప్పాడు. గడియారం తొమ్మిదింబావు చూపిస్తోంది. నా కళ్ళకి కంకర కుప్ప కనబడింది, నిజంగానే ఏడుపొచ్చింది.

సాబ్ మీటింగు వాళ్ళకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నాకు రెండేళ్ళప్పుడే మా వాళ్ళు తుల్సా వదిలేశారు. ఆ రోడ్డు నేను చూడనే లేదు. నువ్వు మాత్రం అందులో ఒక్క మలుపూ తప్పలేదు."

సాయంత్రం ట్రయల్ కాగితం మీద ఆయన రెండు ముక్కలు రాశాడు: "మంచి డ్రైవరు. మాట్లాడించకండి."

ఉద్యోగం నిలబడింది. ఆ కాగితం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కారు నడిపేటప్పుడు ఎవరి ఊరి ముచ్చటా ఎత్తను. నాది ఏ ఊరని మీరడిగినా, దిగాకే చెబుతాను.