ట్యాంకు మూత దగ్గర మనిషి

మా పంచదార ఫ్యాక్టరీలో మొలాసిస్, అంటే పంచదార తీయగా మిగిలే నల్లటి పాకం, నిలవచేసే ట్యాంకులోకి ఎవరు దిగాల్సి వచ్చినా ముందు అడిగేది ఒక్కటే: "పైన రాజరత్నం గారే కదండీ?" అవునంటేనే నడుముకి తాడు కట్టుకుంటాం. ఆయనతో కూర్చుని అన్నం మాత్రం తినం. మూడేళ్లుగా ఇదే వరస. సిగ్గులేనివాళ్లం. అందులో నేనూ ఒకణ్ణి.

ఆయనది కడియం. ఆదివారం లూథరన్ చర్చిలో గంట కొట్టేది ఆయనే. ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ల సర్వీసు. ఏటా చెరుకు ఆడటం అయిపోయాక, ఎండాకాలంలో, ట్యాంకుల అడుగున పేరుకున్న మడ్డి తీయాలి. అందులోంచి విషవాయువు పుడుతుంది. అందుకని మనిషి దిగే ప్రతిసారీ లోపలికి గాలిని కొలిచే మీటరు దించి చూసి, ఆ తరవాతే పుస్తకంలో సంతకం పెట్టాలి. మేం చేసేది వేరు. పొద్దున్న టీ రాకముందే రోజంతటికీ సరిపడా సంతకాలు ఒకేసారి పెట్టేసేవాళ్లం. మీటరు బీరువాలో సుఖంగా నిద్రపోయేది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చినా పుస్తకం తిరగేసి, టీ తాగి వెళ్లేవాడు.

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, రెండోసారి దిగిన మాతోటి పనివాడు చిట్టియ్య ప్రాణాలతో పైకి రాలేదు. పుస్తకంలో ఆ గడిలో సంతకం రాజరత్నం గారిది.

విచారణకి ముందు సూపర్‌వైజర్ బుల్లిరాజు గారు మమ్మల్ని కూర్చోబెట్టారు. మా ఇళ్లల్లో పెళ్లిళ్లకి దగ్గరుండి వడ్డించిన మనిషి. "చిట్టియ్య ఎవరికీ చెప్పకుండా దిగిపోయాడనండి, చాలు. పోయినోడు ఎలాగూ పోయాడు," అన్నారు. అందరం తల ఊపాం.

రాజరత్నం గారు ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి, "ఆ సంతకం నేను పొద్దున్నే పెట్టేశానండి. మీటరు చూడలేదు. ఎప్పుడూ చూసేవాళ్లం కాదండి," అన్నారు.

"మీ మీదా కేసవుద్ది, తెలుసా?"

"తెలుసండి. చిట్టియ్య నన్నడిగే దిగాడండి."

ఫ్యాక్టరీ రెండు నెలలు మూతపడింది, మాకు జీతాల్లేవు. బుల్లిరాజు గారి ఉద్యోగం పోయింది. రాజరత్నం గారి మీద కేసు ఇంకా నడుస్తూనే ఉంది. తెరిచాక, ట్యాంకు పైన కాపలాకి ఒక మనిషి ఉండి తీరాలన్నారు. ఆ పని ఆయనే అడిగి తీసుకున్నారు.

మధ్యాహ్నం క్యారేజీలన్నీ మధ్యలో పెట్టి కూరలు పంచుకోవడం మా అలవాటు. ఫ్యాక్టరీ తెరిచాక ఆయన ఎప్పటిలాగే గిన్నె తెచ్చి పెట్టిన రోజు ఎవరూ చెయ్యి చాపలేదు. మర్నాటి నుంచి ఆయన షెడ్డు వెనక్కి వెళ్లిపోయారు. ఇంట్లో చెప్పలేదు. వాళ్లావిడ సంపూర్ణమ్మ గారు ఇప్పటికీ నలుగురికి సరిపడా కూర పెడుతున్నారు. మిగిలింది గేటు దగ్గర కుక్కలకి వేసి, గిన్నె కడుక్కుని వెళతారాయన. ఓసారి ఆవిడ కడియం బజారులో ఎదురై, "గోంగూర నచ్చిందా బాబూ?" అని అడిగారు. నచ్చిందండి అన్నాను.

ఇప్పుడు ఆయన మీటరు రెండుసార్లు చూస్తారు. మనిషి దిగాక రెండు నిమిషాలకోసారి పేరు పెట్టి పిలుస్తారు. లోపలున్నవాడు "ఉన్నానండి" అనాలి. అనకపోతే తాడు లాగేస్తారు. రోజు మొత్తంలో ఆయనతో మేం మాట్లాడే మాట అదొక్కటే.

ఈ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు. మొన్న నేను దిగాను.

"వీరబాబూ!"

"ఉన్నానండి."

కాసేపటికి మళ్లీ వంగారు. మూత సందులో ఆయన తల నల్లగా కనబడింది.

"వీరబాబూ, మామిడికాయ పప్పు తెచ్చాను. నీకిష్టం కదా. ఈ పూట నాతో తింటావా?"

పైన మావాళ్లు నలుగురున్నారు. వాళ్లూ వినే ఉంటారు. తింటానండి అన్న మాట నోటిదాకా వచ్చింది.

"ఉన్నానండి," అన్నాను.

"సరే బాబూ," అన్నారు. రెండు నిమిషాలు గడిచాక, ఎప్పటిలాగే, మళ్లీ నా పేరు పెట్టి పిలిచారు.