నులక మంచం మీద నాలుగో మనిషి

దయ్యాలంటే నాకు భయం లేదు. నమ్మకం అంతకంటే లేదు. హాస్టల్లో అమ్మాయిలు అలాంటి కథలు మొదలుపెడితే దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోయే రకాన్ని. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. రెండు ఫోటోలు తీశాను. ఆ రెండూ నా దగ్గరే ఉన్నాయి. వాటిలో ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మాది ఇస్లాపూర్ పక్కన పల్లె. నాందేడ్‌లో ఫోటోగ్రఫీ కోర్సులో చేరాను. మా సర్‌ది పాతకాలం పట్టుదల. ముందు ఫిల్మ్ కెమెరాతో చెయ్యి కుదరాలి, తర్వాతే డిజిటల్ అంటారు. నలుపు తెలుపు రోల్ ఒకటి ఇచ్చి కెమెరాలో ఎక్కించడం నేర్పారు. ఫిల్మ్ జరిపే లివర్ తిప్పినప్పుడు ఎడమవైపు ఉన్న చిన్న నాబ్ కూడా తిరగాలి. తిరగకపోతే లోపల ఫిల్మ్ కదలడం లేదని అర్థం. అప్పుడు ఎన్ని తీసినా ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఈ ఒక్క ముక్కా నాకు బాగా వంటబట్టింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు గోదావరి ఘాట్లు, సైకిళ్లు, హాస్టల్ మెట్లు, కనిపించినవన్నీ తీశాను. కానీ ప్రతిసారీ ఆ నాబ్ చూసుకున్నాను.

రోల్ అయిపోవస్తుండగా ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. మా నాన్నకు, అదే బాపుకు, గుండె ఆపరేషన్ చేయాలన్నారు డాక్టర్లు. అది నాందేడ్‌లోనే. బాపు, అమ్మ, మా మేనత్త ముగ్గురూ బయలుదేరాలి. క్లాసు ఉంది కాబట్టి నేను ముందే తిరిగి వెళ్లిపోవాలి. వెళ్లేలోపు ముగ్గురినీ ఫోటో తీస్తానని వాకిట్లో నులక మంచం వేయించాను.

బాపు నడుమ కూర్చున్నాడు. "మంచిగ తియ్యి బిడ్డా. అటో ఇటో అయితే గోడకు పెట్టెటందుకు గీ ఫోటోనే అక్కరకొస్తది" అన్నాడు నవ్వుతూ.

"గవేం మాటలు? ఇంకోపారి అంటే నేను లేచి లోపటికి పోత" అని అమ్మ కసిరింది.

నాకూ నవ్వు రాలేదు. బాపు లేని ఇల్లు ఎట్లా ఉంటుందో అన్న ఆలోచన కొన్నాళ్లుగా నన్ను తినేస్తోంది. లెన్స్ మూత తీశాను.

అంతలో అత్త లేచింది. "ఆగుండ్రి, ముగ్గురమైనం" అంది.

మావైపు ముగ్గురు కలిసి ఒక పని మీద బయలుదేరరు. ఫోటో కూడా దిగరు. దిగితే నడుమ ఉన్నవాళ్లకు కీడంటారు. తప్పనిసరైతే ఒక రాయిని నాలుగో మనిషిగా లెక్కలో కలుపుకుంటారు. పని అయ్యాక దాన్ని ఎక్కడ తీశారో అక్కడే పెట్టేయాలి. అత్త మా చేను గట్టు మీది నుంచి పిడికెడంత రాయి తెచ్చి మంచం కొసన పెట్టింది. ఆపరేషన్‌కు కూడా అదే వెంట వస్తుందని చెప్పింది.

కెమెరా కిందికి దించితే మనుషులు నిండుగా కనిపిస్తారని సర్ చెప్పారు కదా అని నేల మీద కూర్చుని తీశాను. ముగ్గురూ కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. వాళ్ల బరువుకు మంచం కింద నులక మూడు చోట్ల సంచిలా వేలాడింది. అది నేను కళ్లారా చూశాను. నాబ్ తిరగడమూ చూశాను.

ఆపరేషన్‌కు ముందురోజు సర్‌తో కలిసి ఆ రోల్ కడిగాం. డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం కింద ప్రింట్ కాగితాన్ని డెవలపర్ మందునీళ్లలో వేస్తే బొమ్మ మెల్లగా తేలుతుంది. ముందు అమ్మ చీర అంచు తేలింది. తర్వాత బాపు, అత్త. ఆ తర్వాత రాయి ఉండాల్సిన చోట ఒక మనిషి తేలాడు.

తల మీద తువ్వాలు కప్పుకుని, బాపు వైపు తిరిగి కూర్చున్నాడు. ముఖం కనిపించలేదు. ఆ భుజం వంపు మాత్రం నాకు తెలిసినట్టే అనిపించింది. రాయి లేదు.

"ఒకదాని మీద ఇంకోటి పడింది. కొత్తవాళ్లు అందరూ చేసే తప్పే" అన్నారు సర్. నేను మంచం కింద నులక చూపించాను. అది నాలుగు చోట్ల వేలాడుతోంది. సర్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత చేతులు కడుక్కుని బయటికి వెళ్లిపోయారు.

ఫోటో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. రాయి బాపు దిండు కింద ఉంది. దాన్ని అప్పుడే తీసి బయట పారేయాలనిపించింది. పారేస్తే బాపుకు ఏమన్నా అవుతుందేమోనని భయమూ వేసింది. అత్తను వరండాలోకి పిలిచి ఫోటో చూపించాను. ఆమె ఉలిక్కిపడలేదు.

"లెక్కల కలుపుకున్నం, అచ్చి కూసున్నడు. గిది మీ అమ్మకు జెప్పకు" అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టర్లే ఆశ్చర్యపోయేంత తొందరగా బాపు కోలుకున్నాడు. ఇంటికి పంపిస్తున్నామన్న రోజు నేను సంతోషంతో ఏడ్చాను. తోడుగా నేనూ బయలుదేరాను. అందరం రైలెక్కాం. భోకర్ స్టేషన్ దాటాక అత్త ఉన్నట్టుండి కొంగు తడుముకుంది. ఆమె ముఖం పాలిపోయింది.

"రాయి దవాఖానల్నే ఉండిపాయె. నువ్వస్తున్నవ్ గదా, నలుగురమైనమని మర్శిన."

"రాయే కదా అత్తా" అన్నాను.

"తోలుకపోయినోన్ని తోలుకరావాలె గదనే" అంది నెమ్మదిగా.

కిటికీ పక్కన కూర్చున్న బాపు మావైపు తిరిగాడు. "రావాల్సినోన్ని నేనచ్చిన గదా. ఇంకెవరు గావాలె మీకు?" అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. అత్త నవ్వలేదు.

నాందేడ్ తిరిగి వచ్చాక నేను ఆ వార్డుకు వెళ్లాను. ఆ మంచం మీద ఇంకెవరో పడుకుని ఉన్నారు. దిండు మార్చేశారు. రాయి సంగతి ఎవరికీ తెలియదు.

బాపు మళ్లీ చేనుకు వెళ్లడం మొదలుపెట్టాక, రెండో రోల్‌తో ఇంటికి వెళ్లాను. అదే వాకిలి, అదే మంచం, అదే ముగ్గురు. అత్త గట్టు మీది నుంచి ఇంకో రాయి తెచ్చింది. నేను అలాగే నేల మీద కూర్చుని తీశాను.

ఈసారి ఫోటోలో రాయి రాయిలాగే వచ్చింది. ముగ్గురూ స్పష్టంగా ఉన్నారు. నా మొదటి మంచి ఫోటో ఇదేనని మురిసిపోతూ కాగితాన్ని నీళ్లలో వేస్తుంటే నా చూపు మంచం కిందికి పోయింది. అమ్మ కింద నులక వేలాడింది. అత్త కింద వేలాడింది. రాయి కింద కూడా కొంచెం వంగింది. బాపు కింద నులక బద్దలా తిన్నగా ఉంది.

ఆపరేషన్ తర్వాత చిక్కిపోయాడు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఎంత చిక్కినా మనిషి రాయి కంటే తేలిక కాడు. నెగటివ్ తీసి చూశాను, ఇంకోసారి ప్రింట్ వేశాను. ఏమీ మారలేదు.

బాపు బాగున్నాడు. పత్తి ఏరిస్తున్నాడు, అమ్మతో పోట్లాడుతున్నాడు, మునుపటి కంటే ఎక్కువే తింటున్నాడు. బాపు నాకు ప్రాణంతో సమానం. అయినా ఆయన నవ్వినప్పుడు నేను తల తిప్పుకుంటున్నాను. అందుకు నాకే బాధగా ఉంది.

మొన్న ఫోన్ చేశాడు. "ఫోటో ఎట్లచ్చింది బిడ్డా?"

"ఖరాబైంది బాపు, వెలుతురు తగిలింది" అని అబద్ధం చెప్పాను.

 "పోనీ తియ్. ముందుగాల తీసిన దాంట్ల నలుగురం మంచిగనే అచ్చినం గదా" అన్నాడు.

ఆ మొదటి ఫోటో నా ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. నేను బాపుకు చూపించలేదు. అత్త కూడా ఎవరితోనూ అనలేదని ఒట్టు వేసింది. రాయిని కూడా లెక్కేసుకుని 'నలుగురం' అని ఉంటాడని రోజూ నాకు నేను చెప్పుకుంటున్నాను. అయినా ఆ రోజు మాతో రైలెక్కింది ఎవరోనన్న అనుమానం పోక, ఇంటికి వెళ్లడం వాయిదా వేస్తున్నాను.